గుడి గోడ మీద ఉంటే శిల్పం, మా అమ్మాయి గీస్తే బూతా?

పద్మజ_హన్మకొండ
మా అపార్ట్‌మెంట్లలో దసరాకి పిల్లల బొమ్మల ప్రదర్శన పెట్టారు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, చిన్నప్పటి నుంచి బొమ్మలు వేస్తుంది. ఎండాకాలంలో రామప్ప గుడికి వెళ్ళినప్పుడు చూరు కింద ఉండే మదనికల్లో, అంటే ఆడవాళ్ళ శిల్పాల్లో, ఒకదాన్ని పెన్సిల్‌తో గీసుకొచ్చింది. ఇంటికొచ్చాక దాన్నే పెద్ద షీటు మీద చార్కోల్‌తో వేసింది. శిల్పం ఎలా ఉందో అలాగే, ఒంటి మీద నగలే తప్ప పైన బట్ట లేదు. ఆ నల్లరాయి నునుపు కాగితం మీదికి తేవడానికి ఎన్ని రాత్రులు కూర్చుందో నాకు తెలుసు.

ప్రదర్శన మొదలైన కాసేపటికి కమిటీ వాళ్ళు వచ్చి "ఫ్యామిలీలు వస్తారు మేడమ్, అది తీసేయండి" అన్నారు. తియ్యనన్నాను. ప్రసాదం పంచడానికి అటు వెళ్ళొచ్చేసరికి బొమ్మ మీద మెడ నుంచి నడుము దాకా గులాబీ రంగు చార్టు ముక్క అతికించి ఉంది. ఫెవికాల్‌తో. లాగితే చార్కోల్ అంతా దాంతోపాటే ఊడొచ్చింది.

అదే సాయంత్రం అదే కమిటీ స్టేజి మీద రెండో తరగతి, మూడో తరగతి పిల్లల చేత ఐటమ్ సాంగ్ వేయించింది. చిన్నపిల్లలు నడుం ఊపుతుంటే పెద్దవాళ్ళు ఈలలు. మైకులో "వన్స్ మోర్" అన్నది ఎవరో కాదు, నన్ను బొమ్మ తీసేయమన్న పెద్దాయనే. అప్పటి నుంచి మా అమ్మాయి ఫైన్ ఆర్ట్స్ మాట ఎత్తడం లేదు. మా ఆయన కూడా "వాళ్ళన్నదాంట్లో తప్పేముంది" అంటున్నారు. నిజంగా అడుగుతున్నాను, ఇందులో ఏది బూతు?

కోటిలింగాల
ఫెవికాల్ వేసినవాడిని ముందు అడగాలి. పిల్ల కష్టపడి వేసిన బొమ్మని పాడు చెయ్యడానికి వాడెవడు?

ఉష_రాజమండ్రి
ఐటమ్ సాంగ్ సంగతి మా కాలనీలోనూ ఇంతే అక్కా. వినాయక చవితికి ప్రతి ఏడూ అదే గోల. తల్లులే దగ్గరుండి స్టెప్పులు నేర్పిస్తారు.

నల్లరేగడి
కొంచెం అవతలి వైపు నుంచి కూడా చూడండి. నేను కర్నూల్లో మా లేఅవుట్ సంఘానికి కార్యదర్శిని, కాబట్టి ఆ కమిటీ వాళ్ళ టెన్షన్ నాకు తెలుసు. ఫెవికాల్ పని తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ గుడి వేరు, పార్కింగులో వేసిన టెంటు వేరు. గుడికి వెళ్ళేవాడు ఒక మనసుతో వెళ్తాడు. టెంటు కిందికి పాలవాడు, కొరియర్ కుర్రాడు, పదో తరగతి పోరగాళ్ళు అందరూ వస్తారు, అందరి చేతుల్లో ఫోన్లు. బొమ్మ కింద అమ్మాయి పేరు, ఫ్లాట్ నంబరు రాసి ఉంటాయి. ఎవడో ఫోటో తీసి "చూడండి ఈ పిల్ల ఏం గీసిందో" అని వాట్సాప్‌లో పెడితే రేపు కాలేజీలో ఎవరు పడాలి? నేనైతే బొమ్మని వద్దనను, అక్కడ వద్దంటాను.

మౌనిక_ఎన్
అదే బొమ్మ అబ్బాయి గీసి ఉంటే "ఆర్టిస్ట్ అయిపోతాడు" అని భుజం తట్టేవాళ్ళు. అమ్మాయి గీసింది కాబట్టి ఒళ్ళు మండింది. నల్లరేగడి గారు చెప్పిన ఫోన్ భయం కూడా చివరికి అమ్మాయి మీదికే వచ్చింది చూడండి. ఫోటో తీసి పంపినవాడిని ఆపాలని ఎవరికీ తోచదు.

ఉత్తరాంధ్ర_శ్రీను
మా శ్రీముఖలింగం గుడి మీద కూడా ఇలాంటి బొమ్మలున్నాయి. చిన్నప్పుడు "ఇవి ఎందుకు?" అని అడిగితే మా తాత "అవి ఉంటే గుడి మీద పిడుగు పడదురా" అన్నాడు. పద్మజ గారూ, మీ అపార్ట్‌మెంటుకి ఆ రక్షణ కూడా పోయింది 😀

గోదారిగట్టు
పిడుగు కథ మా వైపు కూడా ఉంది, దిష్టి తగలకుండా అని ఇంకొందరంటారు. ఏదో ఒక సాకు చెప్పి పిల్లల ప్రశ్న దాటేయడానికి పెద్దవాళ్ళు పట్టుకున్న మాటలివి. నిజానికి రామప్ప 1213 నాటికి పూర్తయిన గుడి. కట్టించింది కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కినప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ ఆ మదనికల ఫోటోలతోనే నిండిపోయాయి. అప్పుడు ఎవరూ చార్టు ముక్క అతికించలేదు.

మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆయన 1897లో పుట్టి ముప్పై నిండకుండానే, 1925లో మశూచితో పోయారు. చదువుకున్నది బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో. అక్కడికి గ్లాడ్‌స్టన్ సాలమన్ ప్రిన్సిపాల్‌గా వచ్చాక, 1919 తర్వాత, మోడల్‌ని ఎదురుగా కూర్చోబెట్టి నగ్న శరీరాన్ని గీయించే క్లాసులు మొదలయ్యాయి. రామారావు గారి స్త్రీల బొమ్మల్లో నగ్న చిత్రాలూ ఉన్నాయి. అంటే నూరేళ్ళ కిందట గోదావరి ఒడ్డున ఒక తెలుగు కుర్రాడు ఇది వేశాడు, ఊరు ఆయన పేరుతో గ్యాలరీ పెట్టుకుంది. మీ కమిటీ పెద్దాయన్ని ఓసారి తీసుకురండి, నేను దగ్గరుండి చూపిస్తా.

వకీలు_నెల్లూరు
చట్టం ఏమంటుందో కూడా చెప్పుకుందాం, ఎందుకంటే ఇలాంటప్పుడు ఎవరో ఒకరు "కేసు పెడతాం" అంటారు. అశ్లీల బొమ్మలు, పుస్తకాల మీద పాత ఐపీసీలో 292వ సెక్షన్ ఉండేది, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లో 294. రెండింట్లోనూ పురాతన కట్టడాల మీద, గుళ్ళలో, దేవుడి విగ్రహాల్ని ఊరేగించే రథాల మీద చెక్కినవాటికి మినహాయింపు స్పష్టంగా రాసి ఉంది. రథాన్ని కూడా విడిచిపెట్టలేదు చూడండి, ఊరి రథాల మీద ఏం చెక్కి ఉంటుందో చట్టం రాసినవాళ్ళకి తెలుసు.

కాగితం మీద గీసినదానికి ఆ మినహాయింపు నేరుగా వర్తించదు, కానీ కోర్టులు చాలా దూరం వచ్చాయి. 1964లో రంజిత్ ఉదేశీ కేసులో సుప్రీంకోర్టు 1868 నాటి ఇంగ్లండు కొలతనే పట్టుకుంది. చెడిపోయే స్వభావం ఉన్నవాడి చేతిలో ఆ పుస్తకం పడితే ఏమవుతుందో చూడాలన్నది ఆ కొలత. 2014లో అవీక్ సర్కార్ కేసులో దాన్ని పక్కన పెట్టేసింది. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్ తనకి కాబోయే భార్యతో నగ్నంగా దిగిన ఫోటోని ఇక్కడి పత్రికలు వేశాయన్నది కేసు. ఇద్దరి ఒంటి రంగు వేరు, వర్ణ వివక్ష మీద చెప్పడానికి దిగిన ఫోటో అది. నగ్నంగా ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదు, మొత్తం సందర్భం చూడాలి, ఈనాటి సమాజం ప్రమాణాలతో చూడాలి అని తేల్చింది.

ఈమధ్యదే ఇంకొకటి. ఎఫ్.ఎన్. సౌజా, అక్బర్ పదమ్‌సీ గీసిన కొన్ని బొమ్మలు విదేశం నుంచి తెప్పిస్తే ముంబైలో కస్టమ్స్ వాళ్ళు అశ్లీలమని పట్టుకున్నారు. 2024 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి బొమ్మలు తిరిగి ఇచ్చేయమంది. ఇదే పదమ్‌సీ మీద 1954లోనూ కేసు పెట్టారు, జహంగీర్ గ్యాలరీలో ప్రేమికుల బొమ్మ పెట్టినందుకు. అప్పుడూ ఆయనే గెలిచారు. మీ అమ్మాయి బొమ్మ మీద ఏ కేసూ నిలవదు. ఎవరైనా బెదిరిస్తే భయపడకండి.

నల్లరేగడి
వకీలు గారూ, కేసు సంగతి కాదు నేను చెప్పేది. కోర్టులో గెలిచినా వీధిలో ఓడిపోతాం. పక్కింటావిడ మాట్లాడటం మానేస్తే ఏ బెంచీకి వెళ్తారు? "సమాజం ప్రమాణాలు" అని కోర్టే అంటోంది కదా, మరి ఆ సమాజం అంటే ఆ టెంటు కింద ఉన్నవాళ్ళు కాదా?

వకీలు_నెల్లూరు
మంచి ప్రశ్న. కానీ ఆ టెంటు కిందవాళ్ళే కాసేపటికి ఐటమ్ సాంగ్‌కి ఈల వేశారు. ఏ ప్రమాణం పట్టుకోమంటారు?

సుభద్రమ్మ
నాకు డెబ్బై దాటాయి. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మా నాయనమ్మ జీవితంలో రవిక తొడగలేదు. చీర కొంగే చుట్టుకునేది, అలాగే పొలానికి వెళ్ళేది, అలాగే పంచాయితీలో నిలబడి మాట్లాడేది. మా ఊళ్ళో ఆ వయసు ఆడవాళ్ళు చాలామంది అంతే. ఎవరూ వాళ్ళని చూసి నవ్వలేదు, ఈల వేయలేదు. పట్నంలో చదివిన మా బాబాయి పెళ్ళిచూపుల ముందు "అమ్మా, చుట్టాలు వస్తారు, రవిక వేసుకో" అన్నాడు. ఆవిడకి అప్పుడే మొదటిసారి సిగ్గు వేసింది. ఆ సిగ్గు ఆవిడ ఒంట్లో పుట్టలేదు, కొడుకు తెచ్చి పెట్టాడు. ఫోటో తీయించినప్పుడు ఆవిడ ముడుచుకుని కూర్చున్న తీరు చూస్తే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఇంకోవైపు సంగతి కూడా చెప్పాలి. 1974లో హైదరాబాదులో ప్రగతిశీల మహిళా సంఘం, పీఓడబ్ల్యూ అనేవాళ్ళు, కట్నం మీద, ఆడపిల్లల్ని ఏడిపించడం మీద, అశ్లీల పోస్టర్ల మీద ఉద్యమం చేసింది. నేను అప్పుడు కాలేజీలో ఉన్నాను, వాళ్ళతో రోడ్డెక్కాను. తర్వాత్తర్వాత మా ఊళ్ళో బస్టాండు ఎదురుగా పడే సినిమా పోస్టర్లకి మేమే తారు పూశాం. మమ్మల్ని "మడి కట్టుకున్నవాళ్ళు" అని వెక్కిరించారు. ఒళ్ళు కనిపించిందని పూయలేదమ్మా తారు. ఆ పోస్టర్లో ఆడదానికి మొహం కూడా సరిగ్గా ఉండేది కాదు, తొడలే ఉండేవి. టికెట్టు అమ్మడానికి కోసి పెట్టిన ముక్కలు అవి. స్త్రీలని అసభ్యంగా చూపించడం మీద 1986లో చట్టం వచ్చిందంటే అలా ఊరూరా పోట్లాడినవాళ్ళ వల్లే.

ఆ చేత్తోనే చెప్తున్నాను, పద్మజా, మీ అమ్మాయి బొమ్మకి నేను తారు పూయను. ఎవరైనా పూస్తామంటే అడ్డం నిలబడతాను.

మౌనిక_ఎన్
సుభద్రమ్మ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఒక సందేహం మాత్రం ఉంది. రామప్ప శిల్పి కూడా మగవాడే, కట్టించింది మగవాడే, చూసి మెచ్చుకున్నదీ ఎక్కువగా మగవాళ్ళే. ఆ నడుము, ఆ వక్షం అలా ఎందుకున్నాయి? సినిమా పోస్టరుకి ఎనిమిది వందల ఏళ్ళు నిండితే అదీ వారసత్వమేనా? రాయి పాతదైతే అన్నీ పవిత్రమైపోతాయన్న వాదన నాకు నచ్చదు.

కోటిలింగాల
ఇదీ పాయింటే.

సుభద్రమ్మ
పాయింటేనమ్మా. అందుకే ఎవరు చేశారు, ఎవరి చేతిలో ఉంది అని అడగాలి. ముద్దుపళని సంగతి చూడు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న వేశ్య. రాధిక మీద కావ్యం రాసింది, ఆడదాని కోరికని ఆడదే దాపరికం లేకుండా చెప్పింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తిగా, ఏ పద్యమూ తీసేయకుండా, వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించింది. మరుసటేడే ఆంగ్ల ప్రభుత్వం బూతని నిషేధించింది. మన సంస్కర్తలు కూడా వంత పాడారు, వీరేశలింగం గారితో సహా. మగకవులు రాసిన శృంగార కావ్యాలు మాత్రం పండితుల అరల్లో హాయిగా ఉన్నాయి. చివరికి టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రభుత్వానికి అధినేతగా ఉన్నప్పుడు ఆ నిషేధం పోయింది. ఇప్పుడు చెప్పు, రామప్ప మదనికని ఆనాటి మగవాడు చెక్కాడు సరే, దాన్ని ఒక పదిహేడేళ్ళ ఆడపిల్ల తన కళ్ళతో చూసి తన చేత్తో గీసింది. బొమ్మ ఇప్పుడు ఎవరిది?

మౌనిక_ఎన్
ఆ పిల్లదే. ఇది ఒప్పుకుంటాను. శిల్పి సంగతి మాత్రం ఒప్పుకోను 🙂

మ్యూనిక్_రవి
నేను జర్మనీకి వచ్చిన కొత్తలో ఆఫీసువాళ్ళు ఆవిరి స్నానానికి రమ్మన్నారు. తీరా వెళ్తే ఆడా మగా అందరూ ఒకే గదిలో, ఒంటి మీద నూలుపోగు లేదు. మా టీం లీడ్ కూడా. నాకు కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాళ్ళు మాత్రం మర్నాటి మీటింగు గురించి మాట్లాడుకుంటున్నారు. ఇక్కడ ఇంగ్లిష్ గార్డెన్ అని ఊరి మధ్యలో పెద్ద పార్కు ఉంది, ఎండ వస్తే అందులో కొన్నిచోట్ల జనం బట్టల్లేకుండా పడుకుంటారు. పక్కనే సైకిళ్ళ మీద పిల్లలు వెళ్తుంటారు.

నల్లరేగడి గారి ఫోన్ పాయింటుకి ఇక్కడ దొరికిన జవాబు ఏంటంటే, ఆవిరి గదుల్లోకి ఫోన్ తేవడం నిషిద్ధం. ఎవరైనా తీస్తే మామూలు మర్యాదస్తులే మీద పడి అరుస్తారు. అంటే వాళ్ళు ఒంటికి భయపడరు, కెమెరాకి భయపడతారు.

ఉత్తరాంధ్ర_శ్రీను
రవి అన్నా, మనవాళ్ళు వెళ్తే ఆవిరి గదిలో కూడా "మీ నెలజీతం ఎంతండీ" అని అడుగుతారు 😂

నల్లరేగడి
జర్మనీ వాళ్ళ లెక్క జర్మనీలో. మనకెందుకు?

జైన_బాట
మనదగ్గరి లెక్కే చెప్తాను. కరీంనగర్ జిల్లాలో కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. పదో శతాబ్దంలో కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు అక్కడ తీర్థంకరుల బొమ్మలు చెక్కించి శాసనం వేయించాడు. తెలుగు కంద పద్యాలు మొదట కనిపించేది ఆ శాసనంలోనే. ఆ బండ మీద ఉన్నవాళ్ళు దిగంబరులు. నన్నయ కంటే ముందటి మన పద్యం నగ్నంగా నిలబడ్డ మనుషుల పాదాల దగ్గర ఉంది.

శ్రవణబెళగొళ గోమటేశ్వరుడిది 57 అడుగుల ఏకశిల. ఒంటి మీద తీగలు పాకి ఉంటాయి తప్ప బట్ట లేదు. 2018 మహామస్తకాభిషేకానికి మేం కుటుంబంతో వెళ్ళాం, ముసలివాళ్ళు, పసిపిల్లలు, కొత్త కోడళ్ళు, అందరూ తలెత్తి చూసి దణ్ణం పెట్టారు. ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. కాబట్టి "మన జనం నగ్నత్వాన్ని తట్టుకోలేరు" అనే మాట నిజం కాదు.

మౌనిక_ఎన్
మగ ఒళ్ళు కాబట్టి తట్టుకుంటారు అనొచ్చా? 2022లో విజయ్ దేవరకొండ లైగర్ పోస్టర్లో గులాబీల గుత్తి అడ్డం పెట్టుకుని నిలబడితే ఫ్యాన్స్ పండగ చేసుకున్నారు. అదే పోస్టర్ హీరోయిన్ చేసి ఉంటే?

పాతరీలు
ఆ నెలలోనే రణ్‌వీర్ సింగ్ మీద ముంబైలో కేసు పెట్టారు కదా, నగ్నంగా దిగిన మ్యాగజైన్ ఫోటోలకి. మగాళ్ళని కూడా వదల్లేదు. మిలింద్ సోమన్, మధు సప్రే 1995లో నగ్నంగా, కొండచిలువని చుట్టుకుని బూట్ల యాడ్ చేస్తే ఆ కేసు 2009 దాకా నడిచింది, చివరికి నిర్దోషులన్నారు. నవ్వొస్తుంది కానీ పధ్నాలుగేళ్ళు కోర్టు చుట్టూ తిరగడం మాటలా?

సినిమాల గురించి నాకు ఒకటే బాధ. బాండిట్ క్వీన్ సినిమా కేసులో 1996లో సుప్రీంకోర్టు చాలా మంచి మాట చెప్పింది. ఊరందరి ముందు ఫూలన్ దేవిని నగ్నంగా నడిపించిన దృశ్యం చూసినవాడికి కోరిక పుట్టదు, ఆమె మీద జాలి, చేసినవాళ్ళ మీద అసహ్యం పుడతాయని. అది అర్థం చేసుకున్న దేశంలో, మన పాటల్లో బొడ్డు మీద పళ్ళు విసరడం యూ సర్టిఫికెట్‌తో ఇంటిల్లిపాదీ చూశాం. బట్ట ఎంత ఉందని కొలిచేవాడికి కెమెరా ఎక్కడ పెట్టారో కనిపించదు.

భాగ్యనగర్_వాసు
అన్నీ బానే ఉన్నాయి. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? మా దేవతల్ని బట్టల్లేకుండా గీస్తే కళ, మేం బాధపడితే మూర్ఖులం. గోమటేశ్వరుడిని చెక్కినవాడు భక్తితో చెక్కాడు. భక్తి లేని చెయ్యి నా అమ్మవారిని ముట్టుకోకూడదు. ఇది నా మనసులో మాట, దాచుకోను.

గోదారిగట్టు
వాసు గారూ, మీ బాధని తక్కువ చేయను. కానీ ఆ చేతికి భక్తి లేదని ఎలా అంటారు? మీ హైదరాబాదులోనే కళాపోషకుడు బద్రీ విశాల్ పిత్తి ఇంట్లో ఉండి, సోషలిస్టు నాయకుడు లోహియా అడిగారని హుస్సేన్ రామాయణం మీద నూట యాభై దాకా బొమ్మలు వేశాడు. ఏళ్ళ తరబడి వాల్మీకి, తులసీ రామాయణాలు పండితులతో చదివించుకుని వేశాడు. 1970ల్లో గీసిన సరస్వతి బొమ్మ మీద గొడవ రేగింది 1996లో. మధ్యలో ఇరవై ఏళ్ళు ఎవరికీ నొప్పి కలగలేదు. 2008లో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసింది, అయినా అప్పటికే దేశం విడిచి వెళ్ళిన ఆయన తిరిగి రాలేకపోయాడు. 2011లో లండన్‌లో పోయాడు.

భాగ్యనగర్_వాసు
రామాయణం బొమ్మలు నేనూ చూశాను, వాటిని ఎవరూ ఏమీ అనలేదు. కోర్టు ఏమన్నా, నాకు కలిగిన నొప్పి నాది. ఆయన ఇంటి మీద దాడి చేసినవాళ్ళ వైపు నేను లేను, అది కూడా రాసుకోండి.

మోడరేటర్_2
హుస్సేన్ చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇద్దరూ మర్యాదగా మాట్లాడారు కాబట్టి పోస్టులు తీయడం లేదు.

సింధు_డిజైన్
ఇంతమంది రాశారు కానీ నాలాంటివాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒకడు నా మామూలు ఫోటో తీసుకుని ఏఐతో బట్టలు తీసేసి కాలేజీ గ్రూపులో పెట్టాడు. సైబర్ పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాను. ఆ బొమ్మలో ఉన్న ఒళ్ళు నాది కూడా కాదు, అయినా నెలల తరబడి గదిలోంచి బయటికి రాలేదు. "నగ్నత్వం సహజం, సిగ్గెందుకు" అని ఎవరైనా అంటే నాకు అరవాలనిపిస్తుంది. అదే సమయంలో పద్మజ గారి అమ్మాయి బొమ్మ గురించి చదివితే సంతోషం వేసింది. రెండూ ఎలా కుదురుతాయంటే, ఆ బొమ్మలో ఎవరి ఇష్టాన్నీ తొక్కలేదు. నా ఫోటోలో నన్ను అడగలేదు. నాకున్న గీత అదొక్కటే. ఎంత కనిపించింది అన్నది నాకు లెక్క కాదు.

ఉష_రాజమండ్రి
సింధూ, నువ్వు ఇది రాసినందుకు గుండె నిండింది తల్లీ. ఆ వెధవకి శిక్ష పడాలి.

నల్లరేగడి
సింధు గారూ, నా భయం సరిగ్గా ఇదే. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. నేను బొమ్మని చూసి భయపడలేదు, ఇలాంటివాళ్ళని చూసి భయపడ్డాను.

సింధు_డిజైన్
తెలుసు సార్. కానీ మీరు ఆపింది వాళ్ళని కాదు, బొమ్మని.

అచ్చురాయి
ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ప్రింట్‌మేకింగ్, అంటే అచ్చు బొమ్మల పని, చెప్తాను. ఆలస్యంగా చూశాను.

2007 మేలో బరోడా యూనివర్సిటీలో జరిగింది ఎంతమందికి గుర్తుంది? చంద్రమోహన్ అనే మన తెలుగు విద్యార్థి పీజీ ప్రింట్‌మేకింగ్ పరీక్షకి పెట్టిన బొమ్మల మీద గొడవ చేసి, బయటివాళ్ళు ఫైన్ ఆర్ట్స్ విభాగంలోకి చొరబడి, చివరికి ఆ కుర్రాడినే అరెస్టు చేశారు. అది పబ్లిక్ ఎగ్జిబిషన్ కూడా కాదు, మార్కులు వేయడానికి గోడకి తగిలించిన పని. నిరసనగా విద్యార్థులు మన గుళ్ళ శృంగార శిల్పాల ఫోటోలు ప్రదర్శనగా పెట్టారు, అది మూసేయమంటే డీన్ శివాజీ పణిక్కర్ కాదన్నారు. ఆయన్ని సస్పెండ్ చేశారు. ఆ ఏడాది నుంచి మా క్లాసుల్లో కూడా పిల్లలు గీసే ముందు "సార్, ఇది పెడితే ఏమన్నా అవుతుందా?" అని అడగడం మొదలైంది. గీత గీయకముందే చెయ్యి ఆగిపోతోంది, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ అక్కడ.

ఇదే బరోడాలో చదివి వచ్చిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారు ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్ మనిషి. ఆయన తొలినాటి ఎచ్చింగ్‌లలో, అంటే లోహపు రేకు మీద గీసి తీసిన అచ్చు బొమ్మల్లో, పల్లె ఆడా మగా, మేకలు, చెట్లు అన్నీ ఒకే కోరికతో కలిసి ఉంటాయి. అవి ఎక్కడి నుంచో తెచ్చుకున్నవి కావు, పెరిగిన ఊళ్ళో చూసిన బతుకు. సుభద్రమ్మ గారి నాయనమ్మ బతికిన లోకమే. ఆయనకి 2016లో పద్మశ్రీ ఇచ్చారు.

పద్మజ_హన్మకొండ
అందరి మాటలూ మా అమ్మాయికి చదివి వినిపించాను. సింధు రాసినది మా ఆయన చేత కూడా చదివించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అచ్చురాయి గారూ, అమ్మాయి ఒక సంగతి అడగమంది. ఫైన్ ఆర్ట్స్‌లో చేరితే మోడల్‌ని పెట్టి గీయిస్తారా? ఆడపిల్లలు కూడా గీయాలా? మా ఆయన అసలు భయం అదేనని ఇప్పుడు బయటపడింది.

అచ్చురాయి
లైఫ్ స్టడీ ఉంటుందమ్మా, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే గీస్తారు. మా దగ్గర మోడల్ బట్టలతోనే కూర్చుంటారు. ఎక్కువమంది ముసలి కూలీలు, రోజుకూలి లెక్కన వస్తారు. అరగంట కదలకుండా కూర్చోవడం చాలా కష్టం, అందుకే మధ్యమధ్యలో విరామం ఇచ్చి టీ పోస్తాం. నగ్న మోడల్ దొరకడం మన దగ్గర చాలా అరుదు. ఎముక ఎక్కడ తిరుగుతుందో, బరువు ఏ కాలి మీద పడుతుందో, భుజం వంగితే వీపు కండరం ఎలా లాగుతుందో తెలియకుండా మనిషిని గీయలేం. చీర మడతలు గీయాలన్నా లోపలి ఒళ్ళు తెలియాలి. మెడిసిన్‌లో చేరే ఆడపిల్ల అనాటమీ హాలుకి వెళ్తుందని ఏ తండ్రీ భయపడడు, మీ వారికి అది చెప్పండి. ఎంట్రన్స్‌కి మనుషుల స్కెచ్‌లు ఎన్ని ఉంటే అంత మంచిది. బస్టాండులో కూర్చుని గీయమనండి. పాడైన మదనికని మళ్ళీ వేసి ఫైల్లో మొదటి పేజీగా పెట్టమనండి.

వకీలు_నెల్లూరు
అడ్మిషన్ వచ్చాక ఇక్కడ చెప్పండి పద్మజ గారూ.

మౌనిక_ఎన్
నల్లరేగడి గారూ, ఒకటి గమనించారా? బొమ్మ ఎక్కడ పెట్టాలో ఇంత రాశారు, ఐటమ్ సాంగ్ గురించి ఒక్క ముక్క అనలేదు.

నల్లరేగడి
అంటున్నాను. మా లేఅవుట్‌లో సంక్రాంతి ప్రోగ్రాం లిస్టు నేనే రాస్తాను. ఈసారి చిన్నపిల్లల చేత అలాంటి పాటలు వేయించేది లేదు, ఏ తల్లి వచ్చి పోట్లాడినా సరే. బొమ్మల ప్రదర్శన కూడా పెడతాను. గుడి శిల్పాల బొమ్మలు వస్తే తీసుకుంటాం, కానీ కమ్యూనిటీ హాలు లోపలి గదిలో పెట్టి, బయట ఒక బోర్డు పెడతాం, ఫోన్లు లోపలికి తేవద్దని.

మౌనిక_ఎన్
ఫోన్ల బోర్డు మంచిదే. కానీ లోపలి గది ఎందుకు? ముగ్గుల బొమ్మలు బయట, మదనిక లోపలా? చూసేవాళ్ళకి తప్పు అన్న ఆలోచన ఆ గది తలుపే నేర్పుతుంది.

నల్లరేగడి
బయట టెంటులో ఫోన్లు ఆపలేను కదా అమ్మా.

సుభద్రమ్మ
అయితే ప్రదర్శన మొత్తం లోపలే పెట్టు నాయనా. ముగ్గులూ, మదనికా, అన్నీ.

నల్లరేగడి
హాలు చిన్నది. కొలుచుకుని చూసి చెప్తాను.